ఎక్స్‌రే గదిలో ఎడమ కాలు

ముప్పై ఏళ్లకు పైగా ఎక్స్‌రేలు తీసిన మనిషిని నేను. కామారెడ్డిలో చాలా ఏళ్లు, ఎల్లారెడ్డి వైపు కొన్నేళ్లు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి, "సార్, నడుము ఎక్స్‌రే బాగా రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటారు. యంత్రం సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు నాయనా. మీ యంత్రాలు మావాటిలా రోజుకోసారి అలగవు కూడా. నడుముల గురించి మాత్రం ఒక్క విషయం చెప్పగలను. అది నేర్చుకోవడానికి నాకు యాభై ఎనిమిదేళ్లు పట్టింది, అదీ నా ఎడమ కాలి పుణ్యమా అని. కొంచెం సిగ్గుపడాల్సిన కథ కాబట్టి ఎవరి పేర్లూ ఉండవు. దవాఖాన పేరు కూడా అడక్కండి.

నేను పుట్టింది దోమకొండలో. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఒక మాట వింటూ పెరిగాను. నేను ఎదురుకాళ్లతో పుట్టానట. అందరూ తల ముందు పెట్టి ఈ లోకంలోకి వస్తే, నేను కాళ్లు ముందు పెట్టి దిగానట. అలా పుట్టినవాళ్లు నడుము పట్టినవాళ్లను కాలితో మూడుసార్లు తొక్కితే నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. మా నాయనమ్మ ఈ సంగతి ఊరంతా చాటింది. ఇంకేం, నాలుగైదేళ్ల వయసులోనే నాకు గిరాకీ మొదలైంది. తెల్లవారేసరికి మా గడప మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. నేను కళ్లు నులుముకుంటూ వచ్చి వాళ్ల మీదికి ఎక్కేవాణ్ని. మా అక్క పక్కన నిలబడి చూసేది.

దానికి నాయనమ్మ పెట్టిన నియమాలు ఉండేవి. గురువారం గానీ ఆదివారం గానీ రావాలి. ఎడమ కాలే వాడాలి. తొక్కించుకున్న మనిషి లేచి వెళ్లేటప్పుడు "పోయొస్త" అనకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. అలా చేస్తే గుణం పోతుందట. డబ్బులు తీసుకోకూడదు గానీ పిల్లవాడికి బెల్లం ముక్క ఇవ్వొచ్చు. ఈ చివరి నియమం నేనే కలిపానేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది.

చదువుకుని, కామారెడ్డిలో ఎక్స్‌రే పనిలో చేరాక ఈ సంగతి కడుపులో దాచుకున్నాను. తెల్లకోటు వేసుకుని, ఎముకల్ని వెలుతురుకు పట్టి చూసే మనిషి నడుములు తొక్కుతాడంటే ఎవరు గౌరవిస్తారు చెప్పండి? అలా ఇరవై ఏళ్లు గుట్టుగా గడిపాను. తర్వాత ఎల్లారెడ్డి వైపు ఒక ధర్మసంస్థ నడిపే చిన్న దవాఖానకు మారాను. ఒక పెద్ద డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక ఆయమ్మ, నేను, నా యంత్రం. పెద్ద డాక్టరు చెయ్యి మంచిది, నోరు మాత్రం చెడ్డది. రోగి గది దాటకముందే ఆయన అరుపు గేటు దాటేది.

ఒకరోజు ఆయమ్మ నీళ్ల బకెట్ ఎత్తబోయి అక్కడికక్కడే వంగిపోయింది. లేవలేదు, కూర్చోలేదు. "చచ్చిపోత సార్" అని ఏడుస్తుంటే నాకు పాపమనిపించింది. నోరు జారాను. మా ఎక్స్‌రే గది గడప మీదే పడుకోబెట్టి మూడుసార్లు తొక్కాను. ఆమె లేచి అటూ ఇటూ తిరిగి చూసుకుని, "అయ్యో సార్, గీ కాలు వెట్టుకొని గిన్నొద్దులు మాకు చెప్పకుంట ఎట్లున్నవ్?" అంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

ఆ వచ్చే గురువారానికి పదకొండు మంది. ఆ పై గురువారానికి బెంచీలు సరిపోలేదు. రోజంతా చాట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చునే బీడీల ఆడవాళ్లు, నాట్లేసి వచ్చినవాళ్లు, దుబాయిలో సిమెంటు బస్తాలు మోసి నడుము పాడుచేసుకుని వచ్చినవాళ్లు. ఎక్స్‌రేకి రమ్మంటే రేపు మాపు అనేవాళ్లంతా కాలికి మాత్రం టైముకంటే ముందే వచ్చేవారు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉండేది. కరెంటు పోతే నా యంత్రం ఆగిపోయేది, నా కాలు ఆగేది కాదు.

పెద్ద డాక్టరుకు అనుమానం రావడానికి రెండు నెలలు పట్టింది. "ఇంత మంది ఎక్స్‌రే రూం ముందు ఉంటే, నా టేబుల్ మీదికి ఒక్క ఎక్స్‌రే కూడా ఎందుకు రావట్లేదయ్యా?" అని అడిగాడు. "ఫిల్ముల కొరత సార్" అన్నాను.

అదిగో, అలాంటి ఒక గురువారం వచ్చింది అవ్వ.

డెబ్బై దాటిన మనిషి. చేతివేళ్లకు బీడీలు చుట్టే తునికాకు వాసన. వంగి నడుస్తోంది గానీ మొహం మాత్రం నిండుగా, బుగ్గలు ఉబ్బి కళకళలాడుతోంది. ఈ వయసులో ఎంత పుష్టిగా ఉందో అనుకున్నాను. ముప్పై ఏళ్లు ఎముకలు చూసినవాణ్ని, మొహం చూడటం రాలేదు.

"మీది ఏ ఊరు కొడుకా?" అని అడిగింది.

"దోమకొండ అవ్వా."

"దోమకొండల ఎవలింటోళ్లు?"

చెప్పాను. "ఓహో" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం, నొప్పి బాగా ఉన్నట్టుంది అనుకున్నాను. గడప మీద పడుకోబెట్టి మూడుసార్లు గట్టిగానే తొక్కాను.

"ఎట్లుంది అవ్వా?"

"మస్తు హాయిగుంది కొడుకా" అంది కళ్లు తుడుచుకుంటూ.

మూడు గురువారాలు రావాలని చెప్పాను. నియమం ప్రకారం పోయొస్త అనకుండా, తిరిగి చూడకుండా వెళ్లింది.

ఆమె వెనకాలే ఒక దుబాయి మనిషి పడుకున్నాడు. బాగా లావాటివాడు. పట్టు కోసం ఎక్స్‌రే స్టాండు పట్టుకుని ఆయన మీద నిలబడి ఉన్నాను. తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"పొజిషన్ ఇస్తున్న సార్" అన్నాను.

కింద ఉన్న మనిషి తల ఎత్తి, "డాక్టర్ సాబ్, మీరు లైన్ల రాండ్రి, నేను పొద్దుగాల్నే వచ్చిన" అన్నాడు.

ఆ తర్వాత డాక్టరు నాతో అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను. ఊడలేదు. దానికంటే వింత శిక్ష వేశాడు. వారం తిరక్కముందే కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో, ఆయుర్వేదం, హోమియో, యునాని, ఇంటి వైద్యాల గురించి దవాఖానల్లో పనిచేసేవాళ్లకు ఒకరోజు క్లాసు పెట్టారు. మా దవాఖాన నుంచి ఒకరిని పంపమన్నారు. "నువ్వే పోవాలి. మన ప్రత్యామ్నాయ వైద్య విభాగానికి అధిపతివి కదా" అన్నాడు డాక్టరు, ఆయమ్మ ముందే. ఆయమ్మ అది ప్రమోషన్ అనుకుని ఊరంతా చెప్పింది.

మంగళవారం కామారెడ్డి వెళ్లాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నర్సులు, మందుల షాపువాళ్లు, డాక్టర్లు చాలామంది వచ్చారు. మధ్యాహ్నం బగారన్నం ఉందని తెలిసి పొద్దుట్నుంచే అందరూ ఓపిగ్గా ఉన్నారు. క్లాసు చెప్పింది ఒక ఆయుర్వేదం డాక్టరమ్మ. బక్కపల్చటి మనిషి, మెల్లటి గొంతు. మైకు ఆమెకంటే ఎక్కువ మాట్లాడేది.

"మీ దగ్గరికి వచ్చే రోగుల్లో వేరే మందులు కూడా వాడేవాళ్లు ఎంతమంది?" అని అడిగింది.

"చాలా తక్కువ మేడం" అన్నాం అందరం ముక్తకంఠంతో.

"సరే. మీలో ఎంతమంది?"

అందరం ముందున్న కాగితాల్లోకి తలలు దించాం. ఆమె నింపాదిగా నీళ్లు తాగుతూ నిలబడింది. కాసేపటికి ఒక నర్సమ్మ చెయ్యెత్తి, కామెర్లొస్తే వాళ్లాయనకు పసరు తాగించానని ఒప్పుకుంది. మందుల షాపాయన తను షుగరుకు పొద్దున్నే మెంతుల నీళ్లు తాగుతానన్నాడు. ముందు వరసలో సూటు వేసుకున్న ఒక డాక్టరు చొక్కా చెయ్యి మెల్లగా పైకి జరిపితే లోపల రాగి కడియం. ఇక ఆపేవాళ్లు లేరు. అందరూ చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను చివర్న లేచాను.

"మేడం, నాది వాడుడు కాదు, ఇచ్చుడు" అన్నాను. కాలు సంగతి చెప్పాను.

హాలు హాలంతా ఘొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు.

"మీ ఉద్యోగం ఏంటి?"

"ఎక్స్‌రే తీస్త మేడం."

"మరి తొక్కే ముందు ఎక్స్‌రే తీస్తారా?"

నవ్వులు ఆగిపోయాయి. నిజంగా చెప్తున్నాను, ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. యంత్రం పక్కనే ఉంది. గడప మీద తొక్కుతున్నప్పుడు నా చెయ్యి దాని స్టాండు మీదే ఉంది. ఒకవైపు ఉద్యోగం, ఇంకోవైపు నాయనమ్మ. రెండింటినీ ఒకే గదిలో పెట్టుకుని ఒకదానికొకటి పరిచయం చెయ్యలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. "పసరైనా, గోళీ అయినా, కాలైనా, ముందు ఆ ఒంట్లో ఏముందో తెలియాలి కదా. ముసలివాళ్ల ఎముకలు కొన్ని లోపల గుల్లగా ఉంటాయి, బయటికి తెలియదు" అంది. తర్వాత అందరివైపు తిరిగి, "తిట్టకుండా అడగండి. ఇంకేం చేశావమ్మా అని. తిడితే దాస్తారు" అంది. ఆ రోజు క్లాసులో ఇంకా చాలా చెప్పారు. నాకు ఈ రెండు మాటలే గుర్తున్నాయి. బగారన్నం ఎలా ఉందో కూడా గుర్తులేదు.

తిరుగు బస్సులో గతుకు గతుకుకూ ఒక నడుము గుర్తొచ్చింది. అందరికంటే ఎక్కువగా అవ్వ. డెబ్బై ఏళ్ల మనిషిని గట్టిగా మూడుసార్లు తొక్కాను. హాయిగా ఉందని కళ్లు తుడుచుకుంది. ఎందుకు తుడుచుకుంది?

గురువారం వచ్చేసరికి బెంచీలు నిండిపోయి ఉన్నాయి. "ఇయ్యాల కాలు లేదు" అని చెప్పాను.

"ఏమైంది సారూ, కాలు నొస్తుందా?"

"నొస్తలేదు. బందు వెట్టిన."

"ఎవలతోనన్న తొక్కిచ్చుకోరాదా సారూ, మంచిగైతది" అన్నాడు వెనక నుంచి ఒకాయన, ఎంతో ప్రేమగా.

అవ్వ వచ్చింది. పోయిన వారం కంటే ఇంకొంచెం వంగి వచ్చింది.  ముందు ఎక్స్‌రే తీద్దామన్నాను. ససేమిరా అంది. "ఫోటో గీటో వద్దు. తొక్కుతె తొక్కు, లేకుంటె పోత" అని మొండికేసింది. ఏం చెయ్యాలో తోచక నాయనమ్మను అడ్డం పెట్టుకున్నాను.

"మా నాయనమ్మ కలలకొచ్చింది అవ్వా. ముందుగాల ఫోటో దీసినంకనే కాలు వెట్టమన్నది."

అవ్వ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "మీ నాయనమ్మకు ఫోటో సంగతి ఎట్ల ఎర్కైంది కొడుకా?" అంది. మళ్లీ కొంగు నోటికి అడ్డం. అయినా బల్ల ఎక్కి పడుకుంది.

ఫిల్ము చేతికొచ్చాక వెలుతురుకు పట్టాను. ఇటుకలా చదరంగా ఉండాల్సిన వెన్నుపూస ఒకటి ముందువైపు నలిగి కూలిపోయి ఉంది. మిగతావి కూడా పల్చగా, ఉండీ లేనట్టుగా ఉన్నాయి. నా చేతులు వణికాయి. అబద్ధం ఎందుకు, ఒక నిమిషం పాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఫిల్ము పాడైందంటే ఎవరడుగుతారు? ఇంటికి పంపేస్తే ఎవరికి తెలుస్తుంది? బల్ల మీద నుంచి అవ్వ నన్నే చూస్తోంది. ఫిల్ము పట్టుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్లి మొత్తం చెప్పేశాను.

డాక్టరు చాలాసేపు చూశాడు. అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"ఎప్పుడు తొక్కావ్?"

"పోయిన గురువారం సార్."

"ఇది ఎప్పుడు నలిగింది?"

"ఎముక మీద తారీఖు ఉండదు గద సార్."

"ఆ తెలివి పోయిన గురువారం ఉండాల్సింది" అని లేచి నా గదికి వచ్చాడు.

వస్తూనే అవ్వ మీద పడ్డాడు. ఏమేం మందులు మింగావు, ఎవరు కట్టు కట్టారు, చెప్పు చెప్పు అని గద్దించాడు. అవ్వ, "ఏం లేదు సారూ, నేనేం మింగలె" అని నోరు కుట్టేసుకుంది. నాకు ఫంక్షన్ హాలు గుర్తొచ్చింది. ధైర్యం చేసి, "సార్, మీరు జర చాయ్ తాగి రాండ్రి" అన్నాను. ఆయన నన్ను కొట్టేలా చూశాడు. కానీ వెళ్లాడు.

స్టూలు లాక్కుని అవ్వ పక్కన కూర్చున్నాను. "అవ్వా, ఇంకేమేం జేసినవ్? ఎవ్వలేం అనరు. నేను గూడ కాళ్లతోని తొక్కినోన్నే గద."

అప్పుడు మొదలైంది. ఆవనూనె రాయించుకుంది. కాలిన ఇనుపకడ్డీతో నడుముకు సురకలు పెట్టించుకుంది. నెల కిందట పెరట్లో స్నానం చేసే జాలాడికాడ జారి పడింది, నొప్పి అప్పటినుంచే. చివర్న కొంగు ముడి విప్పి ఒక కాగితం పొట్లం తీసింది. అందులో నల్లటి గోళీలు.

"అంగట్ల ఒకాయన చెట్టుమందని ఇస్తడు. రెండేండ్ల సంది ఏసుకుంటున్న. మొదాల మోకాళ్ల కోసం. గియ్యి ఏసుకుంటె రెక్కలొచ్చినట్టుంటది కొడుకా. ఆకలి మస్తయితది. పొద్దంత లెవ్వకుంట బీడీలు జేస్త."

డాక్టరు చాయ్ తాగకుండా తలుపు అవతలే నిలబడి విన్నట్టున్నాడు, వెంటనే లోపలికొచ్చాడు. గోళీలు చూశాడు, అవ్వ ఉబ్బిన బుగ్గలు చూశాడు. "చెట్టుమందు కాదిది. చెట్టుమందు పేరు చెప్పి స్టెరాయిడ్ కలిపినట్టున్నారు. ఆ బలం దానిదే, ఎముకలు గుల్లవడం కూడా దానిదే" అన్నాడు. ఒక్కసారిగా ఆపితే మనిషి కూలిపోతుందట. మెల్లమెల్లగా తగ్గించాలట. మూడు నెలలు నడుముకు బెల్టు కట్టుకోవాలి, వంగకూడదు, బరువులెత్తకూడదు. ఇంకోసారి పడినా, ఇంకెవరైనా తొక్కినా, కాళ్లు పడిపోవచ్చని నా చెవిలో అన్నాడు.

అవ్వ అంతా విని బల్ల దిగడానికి సిద్ధమైంది. "గోళీలు బందు వెడితె చేతులు లేవయి. పట్టా కట్టుకుంటె ఊరోళ్లు నవ్వుతరు. నువ్వు కాలు వెడ్తవా లేదా చెప్పు కొడుకా. లేకుంటె ఇంకో దిక్కు తొక్కేటోళ్లు ఉన్నరు, ఆడికి పోత."

అన్నంత పనీ చేసే మనిషి. ఈ గేటు దాటి వెళ్లిందంటే సాయంత్రానికి ఇంకెవరి కాలి కిందో ఉంటుంది.  పెద్ద డాక్టరు అవ్వను చూశాడు, ఫిల్మును చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"పెట్టు" అన్నాడు.

"సార్?"

"కాలు పెట్టవయ్యా. ఆనించు చాలు. తొక్కావంటే నీ కాలు నేను విరగ్గొడతా."

చెప్పు విప్పాను. కాలు కడుక్కుని తుడుచుకున్నాను. ఎవరూ అడక్కుండానే ఆయమ్మ అగరొత్తి వెలిగించింది. అవ్వను పక్కకు తిప్పి పడుకోబెట్టాం. నేను పడిపోకుండా డాక్టరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎండీ చదివిన మనిషి, "ఒకటి... మెల్లగా... రెండు..." అని లెక్కపెట్టాడు. నా కాలు ఆమె చీరకు తగిలిందో లేదో కూడా నాకు తెలియదు.

మూడు అయ్యాక నాయనమ్మ గొంతు తెచ్చుకున్నాను. "అవ్వా, ఇగ పథ్యం విను. తప్పితె కాలు పనిజెయ్యది. పొద్దుగాల లేవంగనే పట్టా కట్టాలె, పండుకునేటప్పుడే ఇప్పాలె" అన్నాను. డాక్టరు నా చెవిలో, "కాల్షియం, రెండు పూటలా" అన్నాడు. "తెల్లగోళి రెండు పూటల ఏసుకోవాలె" అన్నాను. "నల్లగోళీలు ఆమె దగ్గర ఉంచొద్దు" అన్నాడు. "నల్లగోళీలు మాకియ్యాలె. దాని బదులు డాక్టర్ సారు ఇచ్చే గోళి, రోజు రోజుకు తక్కువ జేసుకుంట పోవాలె" అన్నాను. "నెల నెలా రావాలి." "నెలకో గురువారం రావాలె!" అప్పటికి ఆయన కూడా ఉత్సాహంలోకి వచ్చి, "పాలు, గుడ్లు" అన్నాడు కొంచెం గట్టిగానే.

అవ్వ నా మొహంలోకే చూస్తూ అంతా వింది. "సరే" అంది. పోయొస్త అనకుండా వెళ్లిపోయింది.

నమ్ముతారో లేదో, మూడు నెలలూ ఆ మనిషి పథ్యం తప్పలేదు. బెల్టును చీర మీదే కట్టుకుని, దర్జాగా వచ్చేది. లైన్లో ఎవరైనా వంగి నిలబడితే కసిరేది. బుగ్గలు తగ్గాయి, మొహం సన్నబడింది, నడక కుదుటపడింది. కూలిన ఎముక మళ్లీ లేవదు గానీ ఇంకోటి కూలలేదు.

గురువారాల కాలు బందైంది. దాని బదులు నా స్టూలు మిగిలింది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ప్రతి ఒక్కరూ నా దగ్గర కూర్చుని ఇంకేం చేశారో చెప్పి వెళ్లేవారు. ఎవరైనా నోరు విప్పకపోతే పెద్ద డాక్టరు తనే లేచి, "నువ్వు అడుగు, నేను చాయ్ తాగొస్తా" అనేవాడు. ఆ చాయ్‌లతో ఆయనకు గ్యాస్ ట్రబుల్ పట్టుకుంది.

ఒకరోజు ఓపీ అయిపోయాక ఆయనే వచ్చాడు, కర్రలా బిగుసుకుపోయి. తలుపు వెయ్యమన్నాడు. కారు డిక్కీలోంచి బియ్యం బస్తా దింపబోతే నడుము పట్టిందట. "సార్, ముందు ఎక్స్‌రే" అన్నాను. తీశాను. ఎముకలు బాగానే ఉన్నాయి. "ఇంకేం చేసిండ్రు సార్?" అని అడిగాను. తల దించుకుని, అత్తగారు ఇచ్చిన కషాయం ఎనిమిది రోజులుగా తాగుతున్నానన్నాడు. మరి కాలు పెట్టావా అని మీరడుగుతారు. చెప్పనని మాటిచ్చాను.

మూడేళ్లు గడిచాయి. నా చివరి రోజు వచ్చింది. దండ వేశారు, శాలువా కప్పారు, ఆయమ్మ నా కాలికి కూడా పసుపు రాస్తానంటే అందరూ ఆపారు. అంతా అయ్యాక అవ్వ వచ్చింది, సంచిలో మక్క కంకులు పట్టుకుని. ఆమెను చూడగానే మనసాగలేదు. వెళ్లిపోయే రోజైనా నిజం చెప్పాలనిపించింది.

"అవ్వా, ఒక్కటి చెప్పాలె. ఆ దినం కాలు వెట్టుడు ఉత్తదే. మందంత డాక్టర్ సారుది."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఈసారి నవ్వని నాకు అర్థమైంది.

"నీ కాలు సంగతి నాకెర్క లేదా కొడుకా? నువ్వు ఎదురుకాళ్లతోని పుట్టలె. అందర్లెక్క తలతోనే పుట్టినవ్. మీ వాడకట్టుకు మా అమ్మనే మంత్రసాని. నువ్వు పుట్టంగ కందిలి దీపం వట్టుకొని పక్కన నిలవడ్డది నేనే. ఎదురుకాళ్లతోని పుట్టింది మీ అక్క. ఆడివిల్ల ఊరోళ్ల నడుములు తొక్కుడేందని మీ నాయనమ్మ గా పేరు నీకు వెట్టింది."

 ఆ రాత్రి ఇంటికెళ్లి అక్కకు ఫోన్ చేసి అడిగితే, "నాకెప్పుడో ఎర్కరా. బెల్లమంత నువ్వు తింటుంటె జూసుకుంట ఊకున్న" అంది, ఇంకా కోపంగానే.

"మరి ఎందుకొచ్చినవ్ అవ్వా నా దగ్గరికి?"

"దోమకొండోడు ఈడ తొక్కుతుండంటే, మా అమ్మ చేతుల వడ్డ పిలగాడేనా అని జూసిపోదామని వచ్చిన."

"మస్తు హాయిగుందన్నవ్ గద?"

"హాయా! సుక్కలు కనవడ్డయ్. చెప్తె చిన్నబోతవని చెప్పలె."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ ఎముక జాలాడికాడ ఎంత నలిగిందో, నా కాలి కింద ఎంత నలిగిందో నాకు ఎప్పటికీ తెలియదు.

"మరి నా పథ్యం ఎందుకు విన్నవ్ అవ్వా? గా కాలు ఉత్తదని ఎర్కుండి?"

అవ్వ నవ్వు ఆపింది. "కాలును జూసి కాదు బిడ్డా. ఫోటో జూసినంక నీ మొఖంల నెత్తురు సుక్క లేదు. చేతులు గజగజ వణికినయ్. మా ముసలోడు పోయినంక నా నడుముకేమైతదో అని గంతగనం భయపడ్డోళ్లు ఇంకెవ్వలు లేరు. గా భయం జూసి విన్న."

 కానీ ఆ రోజు నేను భయపడింది నా గురించి. ఉద్యోగం పోతుందేమో, పోలీసులు వస్తారేమో, ఊళ్లో పరువేమవుతుందో, ఇంట్లో మా ఆవిడ ఏమంటుందో. అవ్వ నడుము వీటన్నిటి తర్వాత ఎక్కడో ఉంది. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను. ఆ తర్వాత మాత్రం నెలనెలా ఆమె రావాల్సిన గురువారం, ఆమె గేటులోకి వచ్చేదాకా నేను రోడ్డు వైపే చూసేవాణ్ని. అది నిజం.

మక్క కంకులు నా చేతిలో పెట్టి అవ్వ బయల్దేరింది. మూడేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో, ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఎందుకో నేను వరండాలోనే నిలబడిపోయాను. గేటు దగ్గరికి వెళ్లి అవ్వ ఆగింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా, మొత్తం మనిషి నావైపు తిరిగింది.

"పోయొస్త బిడ్డా" అంది.

"పోయిరా అవ్వా" అన్నాను.